పిల్లి బరువు

1997 డిసెంబరు ఇరవై ఎనిమిదో తేదీ, ఆదివారం. పొద్దున్న మంచు పట్టింది, తొమ్మిది దాటాక విడిపోయింది. గాలి లేదు. ఎండ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఫొటోలకి ఇంతకన్నా మంచి వెలుతురు దొరకదని, స్టూడియో నడిపే ఫొటో మావయ్య గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అన్నాడు. ఎండ ఎక్కువైతే కుక్కలు కళ్ళు మూసుకుంటాయి, మనుషులు మొహాలు చిట్లిస్తారు, నింద మాత్రం కెమెరా మీద పడుతుంది.

ఏటా సంవత్సరం చివరి సెలవుల్లో ఆ ఇంట్లో ఒక ఫొటో దిగేవారు. ఇంటిల్లిపాదీ, పెంచుకునే జంతువులతో సహా. నాన్న పెట్టిన అలవాటు అది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. అలవాటుని ఆపమని ఎవరూ అనలేదు, అందుకని అది ఆగలేదు.

ముగ్గురు పిల్లల్లో మధ్యది కాబట్టి ఆమెని అందరూ నడిపి అనేవారు. నలభై దాటినా నడిపే. పెళ్ళి చేసుకోలేదు. కళ్ళద్దాల షాపులో వెనక గదిలో పని. తిరిగే రాయి మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, గాజు అంచుని ఫ్రేముకి సరిపోయేలా అరగదీయాలి. వేళ్ళ చివర్లకి నీళ్ళలో నాని నాని స్పర్శ తగ్గిపోయింది. వేడి గ్లాసు పట్టుకున్నా ఆమెకి ఓ పట్టాన తెలిసేది కాదు. నాన్న మంచాన పడ్డ రెండేళ్ళూ ఆయన్ని ఆ చేతులే చూసుకున్నాయి. ఆయన పోయిన రోజున అందరూ ఏడ్చారు. నడిపి వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది.

"దానికేం, రాయి," అంది అప్పుడే వదిన. తిట్టలేదు, మెచ్చుకోలుగానే అంది.

ఆ మెచ్చుకోలుతోనే మిగతావన్నీ తేల్చేశారు. ఇల్లు అమ్మేయాలి. నడిపి షాపు మానేసి అన్నయ్య ఊరికి వెళ్ళాలి. అక్కడ వెనక గది ఉంది, అన్నయ్య కూతురు పాపని చూసుకునే మనిషి కూడా కావాలి. "ఏమంటావే?" అని అన్నయ్య అడిగితే "సరే" అంది. చెల్లెలు చిన్నది పక్కకి పిలిచి, "అక్కా, నిజంగా సరేనా?" అంటే దానికీ "సరే" అంది. షాపు యజమానికి సోమవారం నుంచి రానని చెప్పేసింది. ఆదివారం మధ్యాహ్నం సామాను లారీ వస్తుంది. అంతలోపల ఫొటో.

ఇంట్లో రెండు జంతువులు. కుక్క పేరు హడావిడి. తన తోకని చూసి తనే ఉలిక్కిపడే రకం. పిల్లి పేరు గుండు. గుండ్రంగా, నున్నగా, తూకం రాయిలా ఉంటుందని నాన్న పెట్టాడు. పేరుకి తగ్గట్టే దాని బరువు ఎవరి ఒళ్ళో కూర్చుంటే వాళ్ళని బట్టి ఉండేది. కొన్ని పిల్లులకి చెవి మీద మచ్చ ఉంటుంది, దీనికిది. పిల్లల ఒళ్ళో చేతి రుమాలంత ఉండేది. పాలబ్బాయి ఒళ్ళో ఓ మోస్తరు. అన్నయ్య కొట్టు కాలిపోయిన ఏడాది అతని ఒళ్ళోకి ఎక్కితే తొడలు కమిలిపోయాయి. అమ్మ పోయినప్పుడు నాన్న దాన్ని ఎత్తుకుని కూర్చున్న పేము కుర్చీ విరిగి కూలింది. మర్నాడే ఆయన వెళ్ళి చేవకర్ర కుర్చీ ఒకటి చేయించుకొచ్చాడు. వడ్రంగి అడగలేదు, పిల్లి కోసమని ఈయనే చెప్పాడు. అయితే కాళ్ళు లావుగా పెడతానన్నాడు వడ్రంగి.

అందుకని ఫొటోలో గుండుని ఎప్పుడూ తేలిగ్గా ఉన్న మనిషి ఒళ్ళో పెట్టేవారు. ఎవరు తేలిగ్గా ఉన్నారో నాన్న మొహాలు చూసి చెప్పేసేవాడు. ఈసారి చెప్పేవాడు లేడు.

"పాపకిద్దాం," అంది చిన్నది.

"అది జలుబుతో ఉంది, తుమ్మితే పిల్లి పారిపోతుంది," అన్నాడు ఫొటో మావయ్య. "పైగా మధ్యలో మీ నాన్న కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదు. నడిపీ, నువ్వు కూర్చో. పిల్లిని నువ్వే పట్టుకో."

"మంచి మాట," అంది వదిన. "మా అందరిలో గుండె దిటవు దానికే. గుండు దూదిలా ఉంటుంది."

"సరే," అంది నడిపి.

జంతువుల ఫొటోల్లో కుక్కని ముందు చూసుకోవాలి, పిల్లిని ఆఖర్న. కుక్కకి ఓపిక ఉండదు, పిల్లికి గౌరవం ఉండదు. కుక్క ఇటు చూడాలంటే తాళాల గుత్తి ఆడించాలి. పిల్లిని మాత్రం ఏదీ చూడమనకూడదు, అది చూస్తున్నవైపే మనం వెళ్ళి నిలబడాలి. ఫొటో మావయ్య నేలమీద బోర్లా పడుకుని, తాళాలు నోట్లో పెట్టుకుని, ముప్ఫయ్యేళ్ళుగా ఇదే చేస్తున్నాడు. ఆయన భార్యకి ఎప్పుడూ అర్థం కానిదొక్కటే, ఆదివారం అయినా చొక్కా ముందువైపే ఎందుకు మాస్తుందని. సరే, అది వేరే కథ.

చిన్నది గుండుని తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. అది ఒకసారి తిరిగి, ముడుచుకుని, పడుకుంది.

టప్ మని చప్పుడైంది. కుర్చీ ముందుకాలి కింద నాపరాయి పగిలింది.

అందరూ కిందకి చూశారు. రెండోకాలి కింద రాయి కూడా నెమ్మదిగా బీట తీసింది. కుర్చీ వేలెడంత నేలలోకి దిగింది.

"ఏమే నడిపీ!" అంది వదిన.

"ఏంటి?"

"బరువుగా లేదూ?"

"ఏమో. నాకేం తెలియడం లేదు," అంది నడిపి. నిజమే చెప్పింది. మోకాళ్ళ నుంచి కిందకి ఆమెకి ఏమీ తెలియడం లేదు. చాలా రోజులుగా అంతే. ఇప్పుడు కొత్తగా చెప్పడానికేముంది?

చిన్నది పిల్లిని తీయబోయింది. కదల్లేదు. మరిది, అంటే చిన్నదాని మొగుడు, కండలు తిరిగినవాడు, చొక్కా చేతులు మడిచి మరీ పట్టాడు. నడుం పట్టేసిందని వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. గుండు ఓసారి ఆవలించింది.

లారీ వచ్చింది. బీరువా, మంచాలు ఎక్కించారు. చివర్లో కూలీల మేస్త్రీ వచ్చి కుర్చీ చుట్టూ తిరిగి చూశాడు.

"అయ్యా, మేం రోడ్డు రోలరు ఇంజను దింపినవాళ్ళం. ఇది మావల్ల కాదు. అమ్మగారిని లేవమనండి."

"లేవే," అన్నాడు అన్నయ్య.

"సరే," అంది నడిపి, లేవలేదు. లేవాలనే ఉంది. కాళ్ళు ఎక్కడున్నాయో దొరకలేదు.

"దీని నాటకాలు! రైలు టైమవుతోంది," అన్నాడు అన్నయ్య విసురుగా, వంగి రెండు చేతులూ పిల్లి పొట్టకింద దూర్చాడు. పళ్ళు బిగించి ఎత్తాడు. గోరంత లేచింది. అంతే. అతని మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. చేతులు తీయలేదు. అలా వంగే ఉండిపోయాడు. రెండేళ్ళ రాత్రుళ్ళూ, మందు సీసాలూ, తడిగుడ్డలూ, షాపునుంచి పరుగున ఇంటికి రావడాలూ, ఆ కుర్చీలు వేయడం కూడా, అన్నీ అతని మణికట్టు మీద పడ్డాయి.

"ఇంతుందని చెప్పవేమే?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు అడగలేదుగా అన్నయ్యా."

"ఏమంటావని అడిగాగా."

"అదా అడగడం?"

అప్పుడు ముందు బొటనవేలు చిమచిమలాడింది. తర్వాత పాదం. తిమ్మిరి వదులుతుంటే సూదులు గుచ్చినట్టు పిక్కల మీదుగా పైకి పాకింది. మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి నడిపికి బరువు తెలిసింది. ఒక్కసారిగా, మొత్తం. "అమ్మా!" అని కుర్చీ చేతులు పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. హడావిడి ఆమె కాళ్ళ దగ్గరికొచ్చి, జీవితంలో మొదటిసారి, కదలకుండా కూర్చుంది.

"నేను రాను," అంది నడిపి.

"ఎక్కడికి?"

"నీ ఊరికి. నీ పిల్లంటే నాకు ప్రాణమే, కానీ నేను రాను. రేపు షాపుకెళ్తాను. ఈ ఇల్లు అమ్మొద్దు. నాకు కావాలి."

వదిన ఏదో అనబోయింది. అన్నయ్య వంగినవాడు వంగినట్టే తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. ఆ క్షణాన్నే నేలమీద బోర్లా పడుకున్న ఫొటో మావయ్య, ఇంకొక్క ఫిల్మే మిగిలిందని, మీట నొక్కేశాడు.

గుండు లేచి ఒళ్ళు విరుచుకుంది. అన్నయ్య చేతుల్లోంచి మామూలు పిల్లిలా కిందకి దూకి, హడావిడి గిన్నెలో పాలు తాగి, పెరట్లోకి పోయింది. లారీ వాళ్ళు గొణుక్కుంటూ బీరువా, మంచాలు మళ్ళీ దింపారు.

ఫొటో బాగానే వచ్చింది. అందులో అన్నయ్య వీపు తప్ప మొహం కనపడదు. మిగతా అందరూ పగిలిన రాయినే చూస్తున్నారు. కెమెరాకేసి చూసింది కుక్క ఒక్కటే.

ఆస్తి ఇలా తేలింది. ఇల్లూ, గుండూ నడిపికి. అమ్మ కుట్టుమిషను చిన్నదానికి. చిన్నదాని మొగుడికి నాన్న గొడుగు, దాంతోపాటు ఇప్పటికీ తగ్గని నడుంనొప్పి. హడావిడి పాపకి. చేవకర్ర కుర్చీ ఫొటో మావయ్య అడిగి తీసుకున్నాడు, స్టూడియోలో పనికొస్తుందని. వదినకి బీరువా, అద్దం పగిలినది. నేలలో రెండు గుంటలు ఎవరికీ పంచలేదు, ఉన్నచోటే ఉన్నాయి.

అన్నయ్యకి ఏమీ రాలేదు. అతనూ అడగలేదు. ఆ ఆదివారం సాయంత్రం బయల్దేరేముందు గుమ్మం మెట్టు మీద కూర్చుని గుండుని కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని దింపి లేవబోతే లేవలేక గోడ పట్టుకున్నాడు. రిక్షా దగ్గర్నుంచి వదిన పిలుస్తోంది. నడిపి అది చూసి, తలుపు దగ్గర్నుంచి వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఏమైంది అన్నయ్యా? చెప్పు," అంది.

ఆ పూట వాళ్ళ రైలు తప్పిపోయింది.