ఒక్క సెకను కదలకమ్మా

మా అమ్మను ఇంట్లో అందరం రేడియో అనేవాళ్లం. కట్టేయడానికి మీట లేని రేడియో అని అక్క వేళాకోళం చేసేది. గొంతులో ఉన్నది క్యాన్సరనీ, స్వరపేటిక తీసేయక తప్పదనీ చెప్పిన డాక్టరుతో కూడా అమ్మ పావుగంట పిల్లల చదువుల గురించి మాట్లాడింది. ఇంటికొచ్చాక నన్ను పిలిచింది.

"ఆపరేషన్ ఎల్లుండి. ఈలోగా నేను మాట్లాడుతుండగా ఒక ఫోటో తియ్యరా. నోరు తెరిచి ఉండాలి. లేకపోతే రేపు నాకు మాటలొచ్చేవంటే ఎవరు నమ్ముతారు?"

నేను ఫోటోగ్రాఫర్ని. పని తెలిసినవాణ్ణన్న పొగరు కూడా దండిగా ఉంది. సంచిలో రెండు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము రోల్స్ ఉన్నాయి, ఒకటి నాలుగువందల స్పీడుది, ఇంకోటి యాభైది. నాలుగువందల స్పీడుదానికి కిటికీ వెలుతురు చాలు. మనిషి చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నా పట్టేస్తుంది. కాకపోతే పెద్ద ప్రింటు వేస్తే మొహమంతా రవ్వ చల్లినట్టు గరుకుగా వస్తుంది. యాభై స్పీడుది నాలుగడుగులకు పెంచినా వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆ గదిలో దానికి నిండా ఒక సెకను కావాలి, ఆ సెకను మనిషి కదలకూడదు. వచ్చే నెల ఫోటోల ప్రదర్శనలో నాకొక గోడ ఇచ్చారు. అప్పటికి నా కళ్లనిండా ఆ గోడే.

"నాలుగొందలది ఎక్కించు. అమ్మ ఏనాడైనా కుదురుగా కూర్చుందా?" అంది అక్క.

"పెద్దది చేస్తే రవ్వ రవ్వగా వస్తుంది. నీకేం తెలుసు?"

"వస్తే రానీ. మాట్లాడుతున్నట్టుంటుంది కదా."

యాభైదే ఎక్కించాను.

అమ్మ కిటికీ పక్కన కూర్చోగానే మొదలుపెట్టింది. "నువ్వు పుట్టిన రోజు మీ నాన్న..."

"కదలకమ్మా!"

నవ్వింది. "అది కాదురా, ఆ రోజు మీ నాన్న..."

"అబ్బా, ఒక్క సెకను నోరు మూసుకో!"

మూసుకుంది. పన్నెండు ఫోటోలూ అయ్యేదాకా మళ్లీ తెరవలేదు. నేను ఫిల్ము చుట్టుకుని, సంబరంగా డార్క్‌రూముకు పరుగెత్తాను.

ప్రింటు అనుకున్నట్టే వచ్చింది. రెప్పల వెంట్రుకలు, పెదాల మీది పగుళ్లు, జాకెట్టు కుట్లు, అన్నీ ఉన్నాయి. ప్రదర్శనకు వచ్చినవాళ్లు "ఎంత ప్రశాంతమైన మనిషో!" అంటుంటే సిగ్గులేకుండా తలూపాను. అక్క వచ్చి, "ఈవిడెవరు?" అని అడిగి వెళ్లిపోయింది.

ప్రదర్శన చివరి రోజు అమ్మను తీసుకెళ్లాను. మెడకు గుడ్డ, చేతిలో పలక. నాలుగడుగుల తన మొహం ముందు చాలాసేపు నిలబడింది.

"అమ్మా, ఆ రోజు నాన్న గురించి ఏదో చెప్పబోయావు. ఏంటది?"

పలక మీద నింపాదిగా రాసి నావైపు తిప్పింది.

"ఇప్పుడెందుకులే. ఇకనుంచి నీకు ఏ ఫిల్మైనా ఫర్లేదురా, కదలను."