కాలని చెవి

పొద్దున్నే షట్టర్ ఎత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, బట్టల దుకాణంలో దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతా ఉంటే లక్ష్మీకాంత్ ఎడమ చెవి కాలింది.

లోపల్నుంచి పెళ్లాం చూసింది. "ఎర్రగా అయింది. నిన్న మళ్లా పేకాటకి పోయినావా?"

"సారు లేచినట్టున్నాడులే," అని చెవి రుద్దుకున్నాడు.

మార్కాపురం బాయ్స్ హైస్కూల్లో చదివినోళ్లకి ఇది మామూలే. లెక్కల సారు ఉమామహేశ్వర్లు ఎవరి గురించి దిగులుపడితే వాళ్ల ఎడమ చెవి కాలుద్ది. క్లాసులో ఆయన పట్టుకునేది కూడా ఆ చెవే. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆగలేదు. ఆర్టీసీ డ్రైవర్ మహబూబ్ బాషా దోర్నాల ఘాట్లో స్పీడు పెంచితే చెవి మండేది. వెంటనే బ్రేకు మీదికి కాలు పోయేది.

యాసిర్‌కి మాత్రం ఎప్పుడూ కాలలేదు.

ఆ బడిలో లెక్కల్లో ఫస్టు యాసిర్. ఇప్పుడు గిద్దలూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తున్నాడు. నాయన పోయినప్పుడు చెవి పట్టుకుని చూసుకున్నాడు, చల్లగా ఉంది. డీఎస్సీలో ఉద్యోగం రానప్పుడూ అంతే.

"నీ చెవికి సిగ్నల్ లేదు రా," అని బాషా నవ్వేవాడు.

"ఆయనకి నేను గుర్తే లేను బాషా." అట్ల అనుకునే సారింటికి పోవడం మానేసినాడు. ఈ మధ్య ఆ స్కూలూ వద్దనిపించింది. హైదరాబాద్‌లో కాల్ సెంటర్ జాబ్ చూసుకుని బస్సుకి సీటు కూడా బుక్ చేసినాడు.

అప్పుడే బాషా ఫోన్ చేసినాడు. "సారుకి అస్సలు బాగాలేదు. ఒకసారి వచ్చిపోరా."

"వచ్చి ఏం చెప్పాలి? నేనెవరో చెప్పుకోవాల్నా?"

పోలేదు.

రెండ్రోజులకి సారు దగ్గర చదివినోళ్లందరి ఎడమ చెవులూ ఒక్కసారే పలకల్లాగా చల్లబడినాయి. లక్ష్మీకాంత్ కొలుస్తున్న గుడ్డ వదిలేసినాడు. బాషా బస్సు పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల పెట్టినాడు.

సారు పోయినాడని తెలిసి యాసిర్ ఆ ఇంటికి వచ్చేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టినారు. భార్య రాఘవమ్మ తలెత్తింది.

"యాసిరువి కదా. ఇప్పుడొచ్చినావా నాయనా?"

"అమ్మా, సారుకి నేను గుర్తున్నానా?"

"ఏం మాటది! అందరి కోసం కుమిలిపోతావే, మరి ఆ యాసిర్ సంగతేంది అని నేనే అడిగినా. 'వాడికేమి, పిల్లోళ్లకి లెక్కలు చెప్తున్నాడు. వాడి గురించి నాకేం దిగులు?' అని నవ్వినాడు. మంచంలో పడినాక రోజూ వాకిలి చూసేవాడు. దిగులుతో కాదు, ఊరికే నిన్ను చూసుకుందామని."

యాసిర్ కింద కూర్చున్నాడు. సారు చేయి తీసుకుని తన ఎడమ చెవికి పెట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఎంతసేపు పెట్టుకున్నా చల్లగానే ఉంది.

సోమవారం రాజీనామా ఇద్దామని స్కూలుకి పోయినాడు. హెడ్మాస్టర్ రాలేదు. ఊరికే క్లాసులోకి పోయి నిలబడినాడు. నిత్యానందం సీటు ఖాళీ.

"వాడేడిరా?"

"బడి మానేసినాడు సార్. అర్ధవీడులో వాళ్ల మామ గొర్రెలు కాస్తన్నాడు."

భిన్నాలు అందరికంటే ముందు చేసేవాడు. ఇంక రాడా? అట్ల అనుకుంటా సుద్దముక్క తీసినాడో లేదో, యాసిర్ బొటనవేలూ చూపుడువేలూ చుర్రుమన్నాయి. సుద్దముక్క జారి పడింది.

అర్ధవీడు పొలాల్లో గొర్రెల వెనక పోతున్న నిత్యానందం ఎడమ చెవి పట్టుకుని, ఎవరా అని వెనక్కి తిరిగి చూసినాడు.

యాసిర్ వరండాలోకొచ్చి బాషాకి ఫోన్ చేసినాడు.

"అర్ధవీడు బస్సు ఎన్నింటికి?"

"నువ్వు పోయేది హైదరాబాద్ కదరా?"

యాసిర్ వేళ్లు ఊదుకుంటున్నాడు. "అర్ధవీడుకే, చెప్పు."