మూడోసారి కూడా వద్దంది

"కదలకు తల్లీ, చెవి దగ్గర ఇంకొక్కటే," అంటూ టెక్నీషియన్ హమ్‌దమ్ మొండి సూది సిరంజితో, మెదడు గీతలు తీసే టోపీ చిల్లుల్లోకి జెల్ ఎక్కిస్తున్నాడు. ఆరో నంబరు తీగ మళ్లీ మొరాయించింది. పదకొండేళ్లుగా అదే తీగ, అదే మొరాయింపు. కోకంద్ ఆసుపత్రికి కొత్త కుర్చీలు వచ్చాయి, కొత్త పరదాలు వచ్చాయి. తీగ మాత్రం రాలేదు. అరవై ఒకటో ఏట అతని వేళ్లు జెల్‌కి నాని కొసలు తెల్లగా ముడుతలు పడ్డాయి.

కుర్చీలో పదహారేళ్ల జులైహో. తెరమీద రెండు తలుపులు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. పచ్చబాణం వస్తే మిఠాయి గెలిచినట్టు, ఎర్రబాణం వస్తే లేనట్టు. గెలిచినప్పుడు మెదడు గీత పైకి లేవాలి. దిగులు పట్టిన పిల్లల్లో చాలామందికి అది సరిగా లేవదని డాక్టరమ్మ చెబుతుంది.

ఆట అయ్యాక మిఠాయి గిన్నె చాపాడు.

"వద్దు తాతా."

వద్దంటే దిగులుకి గుర్తుగా కాగితంలో ఒక గడిలో టిక్కు పెట్టాలట. ఆ కాగితం రాసిన మహానుభావులెవరో గాని, ఇక్కడ మర్యాదగల ఇంటి పిల్ల రెండుసార్లు వద్దనకుండా ఏదైనా ముట్టుకుంటుందా? టిక్కు పెడుతూ పోతే ఊరంతా రోగులే! అందుకే విసుక్కుంటూనే ముమ్మారు అడుగుతాడు. మూడోసారికి అందరూ నవ్వి తీసుకుంటారు.

జులైహో మూడోసారి కూడా వద్దంది. అతను తెరవైపు చూశాడు. గెలుపులన్నీ కలిపిన గీత పరిచిన దుప్పటిలా చదునుగా ఉంది.

"గురువారం డాక్టరమ్మ చూస్తారమ్మా, తీసుకురా," అన్నాడు పక్కన కూర్చున్న పిల్ల తల్లితో.

"మళ్లీనా అన్నా? టీచరు పోరు పడలేక ఒకసారి వచ్చాం, చాలు. నా పిల్ల బంగారం. బట్టలడగదు, పెళ్లిళ్లకొస్తాననదు. పక్కింటామె కుళ్లుకుని చస్తోంది."

"అదేనమ్మా నా భయం!" గీతల సంగతి చెప్పడం అతని పని కాదు. అయినా నోరు ఆగలేదు. "నా ఇల్లాలు పోయాక రెండేళ్లు నేనూ ఏదీ అడగలేదు. ఎంత ఓర్పో అని వీధంతా మెచ్చుకుంది. పులావు తిన్నా గడ్డి తిన్నట్టుండేది. ఎలా ఉన్నావని నిలబెట్టి అడిగింది ఈ డాక్టరమ్మ ఒక్కతే."

తల్లి తలగుడ్డ కొస నలుపుకుంది. "మా ఊరు దూరం అన్నా."

అతను టోపీ విప్పి, మొరాయించిన ఆరో నంబరు తీగను గోడ మేకుకు తగిలించాడు. జెల్ వదలడానికి గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే తల్లి జుట్టు రుద్దింది. నీళ్లు కాచమని ఏ కాగితంలోనూ లేదు. పిల్ల కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

హమ్‌దమ్ తన భోజనం మూట విప్పి గుండ్రటి రొట్టె తీశాడు. చూడగానే తల్లికి అర్థమైంది. ఇంటినుంచి దూరం వెళ్లేవాళ్లచేత ఒక్క కొరుకు కొరికించి, రొట్టెను గోడకు వేలాడదీస్తారు. కొరికినవాళ్లే తిరిగొచ్చి మిగతాది తినాలి.

"ఇదన్యాయం! కొడుకుని సైన్యానికి పంపేటప్పుడు చేసే పని ఇక్కడ చేస్తావా?"

"అన్యాయమే. కొరుకు తల్లీ."

పిల్ల తల్లివైపు చూసింది. తల్లి రొట్టెవంక, మేకువంక, మళ్లీ రొట్టెవంక చూసింది.

"కొరుకు," అంది చిరాగ్గా. "గురువారం కూడా ఆ డొక్కు బస్సే ఎక్కించాలని ఈయన పంతం."

తడి జుట్టు మీద తువ్వాలు చుట్టుకుని జులైహో తల్లి వెనకాలే వెళ్లిపోయింది.

హమ్‌దమ్ మేకుకున్న ఆరో నంబరు తీగ తీసి పక్కన పడేశాడు. అక్కడ ఇప్పుడు దారానికి కట్టిన రొట్టె వేలాడుతోంది. దాని అంచున చిన్న కొరుకు, అయిష్టంగా ఆనిన నాలుగు పళ్ల గుర్తులు.