గోడకి ఎన్నో నెల

నా నోట్లో ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క మాట. సరే. ఆకలేసినా సరే, కాలు తిమ్మిరెక్కినా సరే, చూడవచ్చినవాళ్ళు చెత్తవాగుడు వాగుతుంటే మొహం మీద తలుపు వేయాలనిపించినా సరే. ఉన్న మాటలన్నీ ఊడ్చుకుపోయి, పోయి పోయి ఈ దిక్కుమాలిన మాటే మిగలాలా? వద్దు అనేది మిగిలినా నా బతుకు బాగుపడేది. పెళ్ళయినప్పటి నుంచి మా ఇంట్లో సగం సంసారం ఆ మాట మీదే నడిచింది.

నేను బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏది ఆలస్యం, ఏది అసలు రాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పిందే చెప్పేదాన్ని. కిటికీకి ఒక మైకు ఉండేది, ఎప్పుడూ చెడిపోయే ఉండేది. అయినా చివరి ప్లాట్‌ఫారం దాకా నా గొంతు వినపడేది. అందుకే డ్రైవర్లు నాకే మైకు అని పేరు పెట్టారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదని ఎవరూ అనలేదు కానీ, నా కిటికీ దగ్గర ఎవడూ వరస దాటి ముందుకు రాలేదు.

అలాంటిదాన్ని, ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ పడిపోయాను. మెదడులో ఎక్కడో నెత్తురు గడ్డకట్టిందట. కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి చచ్చుబడింది, అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి, నోట్లో సరే. తల కూడా నా మాట వినదు. సరే అనగానే అదంతట అదే గంగిరెద్దులా ఊగుతుంది. లోపల మాత్రం నేను నేనే. ఒక్క జ్ఞాపకం పోలేదు, ఒక్క తిట్టు పోలేదు.

ఈ సంగతి మా ఆయనకు తెలియదు. అదీ నా ఏడుపు.

మా ఆయన తాపీమేస్త్రి. అందరూ మేస్త్రి అనే పిలుస్తారు, నేనూ అంతే. నోటితో ఎప్పుడూ మీరు అనేదాన్ని గానీ, మనసులో మొదటి నుంచీ నువ్వే. ఆస్పత్రిలో ఎవరో మహానుభావుడు "ఇక పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి" అన్నాడు. మేస్త్రి ఆ మాట పట్టుకున్నాడు. "బుజ్జీ, నోరు తెరు. బుజ్జీ, అదిగో పిట్ట చూడు." పెళ్ళయిన కొత్తలో కూడా బుజ్జీ అని పిలవని మనిషి! "ఒక్క నిమిషం నోరు మూసుకోవే తల్లీ" అని దండం పెట్టేవాడు, అదే ఆయన ముద్దు. నా చెయ్యి బాగుపడకపోయినా పోనీ, కాలు ఈడ్చుకుంటూ నడిచినా పోనీ. నేను లోపలే ఉన్నానని ఈ మనిషికి తెలియాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

మా అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. బుర్ర ఉన్న పిల్ల, నా పోలిక. అదే ఒక పద్ధతి కనిపెట్టింది. "అమ్మ సరే అంటే లెక్కలోకి తీసుకోకు నాన్నా. ఏదైనా అడిగినప్పుడు ఎడమచెయ్యి ఎత్తితే వద్దని. ఎత్తకపోతే కావాలని." ఆ పద్ధతి మీదే మా బండి నడుస్తోంది.

కసరత్తు చేయించడానికి ఒక పిల్ల వారం వారం వస్తుంది. "మంచి చెయ్యి అందుబాటులో ఉంటే రెండోది బద్ధకిస్తుంది ఆంటీ" అని, రోజూ మధ్యాహ్నం ఒక గంట నా ఎడమచేతికి పొయ్యి మీంచి గిన్నెలు దించే మందపాటి తొడుగు తొడిగి కుర్చీకి కట్టెయ్యమంది. ఆ గంటసేపు వంకరపోయిన కుడివేలితోనే టాబ్లెట్‌లో ఆట ఆడాలి. ఊరు కట్టే ఆట. "ఇందులో ఓడిపోవడం ఉండదు, తొందరా ఉండదు" అంది. ముసలితనానికి ముందే బొమ్మలాటా అనుకున్నాను. "సరే" అన్నాను.

మొదట ఒక ఖాళీ మైదానం, పక్కన ఒక చెరువు ఇస్తారు. రాళ్ళు పరిచి బాట వెయ్యాలి, గోడలు పెట్టాలి, ఇళ్ళు కట్టాలి. ఇల్లు కట్టగానే ఎవరో ఒకరు మూటాముల్లే సర్దుకుని దిగుతారు. నా ఊరికి మొదట టోపీ పెట్టుకున్న మేక వచ్చింది. దాని వెనకే ఒక ఎలుగుబంటి వచ్చి బేకరీ తెరిచింది. వాళ్ళు మాట్లాడితే గుడుగుడుమని శబ్దం వస్తుంది, నెత్తి మీద తెల్లబుడగలో అక్షరాలు లేస్తాయి. నాకవి చీమలే. మేక గుడుగుడు అంటుంది, నేను సరే అంటాను, ఇద్దరికీ బాగా పొత్తు కుదిరింది. ఆ మేక ఒక్కసారీ నన్ను బుజ్జీ అనలేదు.

మొదట్లో నా వేలు గోడ పెట్టబోతే రాయి చెరువులో పడేది. పోను పోను నాలుగు రాళ్ళకి ఒకటి అనుకున్న చోట పడసాగింది. అప్పుడు తట్టింది నాకా ఆలోచన. నోరు లేకపోతేనేం, చేతిలో ఊరుంది కదా!

పెళ్ళయిన కొత్తలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మేస్త్రి అప్పటికింకా మేస్త్రి కాదు, ఇటుకలు అందించే మనిషి. తాపీ చేతపట్టి సొంతంగా కట్టిన మొదటి గోడ ఆ ఇంటి ముందు ప్రహరీ. కట్టాడు బాబూ కట్టాడు, నడిమధ్యలో వీధి వైపుకి ఇంత పొట్ట వచ్చింది. అప్పటికి నేనూ కడుపుతో ఉన్నాను. సాయంత్రం ఆయన పని నుంచి రాగానే గుమ్మంలో నిలబడి, "మేస్త్రిగారూ, మీ గోడకి ఎన్నో నెల?" అనేదాన్ని. "మా ఇద్దరిలో ఎవరం ముందు?" అనేదాన్ని. ఆయన తల పట్టుకునేవాడు, ఆ తర్వాత నవ్వాపుకోలేక అక్కడే మెట్టు మీద కూలబడేవాడు. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ కొట్టేశారు. ఫోటో కూడా లేదు. ఆ గోడ సంగతి తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద మేమిద్దరమే.

అదే కట్టడం మొదలుపెట్టాను. రెండు గదుల ఇల్లు, ఎడమ పక్క కుళాయి, మూడు మెట్లు, ముందు ప్రహరీ. ప్రహరీ నడుమ రాళ్ళు వీధి వైపుకి ఒక్కో గడి ముందుకి జరిపాను. ఎన్ని మధ్యాహ్నాలు పట్టాయో నాకూ ఆ మేకకే తెలుసు. ఒక్కో రాయికి చెమటలు కారేవి. మా అమ్మాయి ఎప్పుడైనా తొంగిచూసి "అమ్మా, బాగుంది" అని వెళ్ళిపోయేది. దానికి తెలియదు, అప్పటికది నా కడుపులో ఉంది.

ఆ రోజు పొద్దున్నుంచి ఒకటే వాన. వానొస్తే సిమెంటు పని సాగదు, మేస్త్రి ఇంట్లోనే. మా అమ్మాయి గొడుగు తీసుకుని బయల్దేరుతూ, "మధ్యాహ్నం నువ్వే ఆటకి కూర్చోబెట్టు నాన్నా. పక్కన ఊరికే కూర్చో. ఏడిస్తే కంగారుపడకు, ఈ జబ్బులో ఊరికే ఏడుపొస్తుంటుంది" అంది.

ఊరికే కూర్చోవడం ఒక్కటే మేస్త్రికి చేతకాని పని. తొడుగు తొడిగి, పనిలో పరంజా కర్రలకి వేసే ముడి వేశాడు. ఏనుగు లాగినా ఊడదు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇక మిగిలింది గేటు పక్కన నిమ్మచెట్టు. అదీ పెట్టాను, మొదటిసారికే పడింది. చూడు మేస్త్రీ, చూడు.

"అబ్బో, ఊరే కట్టేశావే బుజ్జీ!" అన్నాడు. ముందుకి వంగాడు. గోడ దగ్గర చూపు ఆగింది. పనిలో ఇటుకల వరస చూసేటప్పుడు చేసినట్టే ఒక కన్ను మూశాడు. గుర్తుపట్టాడురా దేవుడా అనుకున్నాను.

"అయ్యయ్యో, ఇదేంటే, గోడ ఇలా ఉబ్బిపోయింది? పాపం, వేలు వణికి జరిగినట్టుంది. తిన్నగా చేసెయ్యనా?"

"సరే!" అన్నాను.

కాదురా నాయనా, కాదు! చెయ్యెత్తబోయాను. తొడుగులో చెయ్యి గిలగిల్లాడింది, కుర్చీ కిర్రుమంది, ముడి మాత్రం మేస్త్రి వేసిన ముడి. "సరే! సరే! సరే!" అని అరిచాను. చివరి ప్లాట్‌ఫారం దాకా వినపడే ఆ గొంతు ఇంకా పోలేదు. తల ఎద్దులా ఊగుతోంది.

"ఉండు ఉండు, ఎందుకంత సంబరం? చేస్తున్నా కదా" అంటూ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. సిమెంటుకి కాయలు కాసిన వేలు, అద్దం మీద ఒక పట్టాన పనిచెయ్యదు. అయినా వదల్లేదు. ఒక్కో రాయీ నొక్కి, లాగి, వెనక్కి నెట్టాడు. తప్పు చేస్తే వెనక్కి తిప్పుకునే వీలు ఆ ఆటలో లేదు. మేక టోపీ సర్దుకుని పక్కనే నిలబడి చూసింది. దానికీ నోరు లేకపోయె.

"గీత గీసినట్టుంది చూడు" అన్నాడు వెనక్కి వాలి.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మేస్త్రి తువ్వాలు తెచ్చి నా కళ్ళు తుడిచాడు, ముక్కు తుడిచాడు. "పిచ్చిదానా, గోడ బాగుపడితే కూడా ఏడుస్తారా?" అన్నాడు ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి నాకు ఒళ్ళు మండిపోయింది.

గంట కాగానే ముడి విప్పుతూ, "టీ పెట్టనా?" అన్నాడు. ముడి ఊడగానే చెయ్యి పైకెత్తాను, భుజం నొప్పెట్టేలా ఎత్తాను.

"టీ వద్దా? పోనీలే, నేనొక్కణ్ణే తాగుతా."

గోడా పోయింది, టీ కూడా పోయింది. టాబ్లెట్ వైపు చెయ్యి చాపితే "ఇవాళ్టికి చాలు, కళ్ళు లాగుతాయి" అని దాన్ని బీరువా మీద పెట్టేశాడు.

సాయంత్రం మా అమ్మాయి తడిసి ముద్దయి వచ్చింది. వంటింట్లో తల తుడుచుకుంటుంటే మేస్త్రి దాని పక్కన చేరి చెప్పడం మొదలుపెట్టాడు. నా కుర్చీకీ వంటింటికీ మధ్య ఒక కర్టెనే అడ్డం.

"మీ అమ్మ గోడ వంకరగా పెడితే తిన్నగా చేసిపెట్టా. సరే సరే అని ఒకటే సంబరం" అన్నాడు. మా అమ్మాయి పరధ్యానంగా ఊఁ కొట్టింది. ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "నా మొదటి గోడ గుర్తొచ్చింది తల్లీ. నువ్వప్పటికి పుట్టలేదు. అచ్చం అలాగే పొట్ట వచ్చింది దానికి. మీ అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి, మీ గోడకి ఎన్నో నెల అని నన్ను కాల్చుకుతినేది."

పకపకా నవ్వాడు. నేను ముందుకి వంగాను. అదీ, అక్కడే ఉంది, ఇంకొక్క అడుగు వెయ్యి మేస్త్రీ.

ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "ఇప్పుడదేం గుర్తుంటుంది పిచ్చిదానికి? నేనెవరో గుర్తుంటే అదే పదివేలు. ఆ నోటికి భయపడి చచ్చేవాణ్ణి. ఇప్పుడొక్కసారి... ఒక్కసారి నన్నలా వెక్కిరిస్తే చాలు తల్లీ, ఇంకేం వద్దు" అని ఏడ్చాడు.

"సరే" అన్నాను నేను కర్టెన్‌కి ఇవతల నుంచి. "సరే, సరే."

"చూశావా, పాపం, ఊరికే అంటూ ఉంటుంది" అన్నాడు మా అమ్మాయితో.

మర్నాడు కూడా వాన వదల్లేదు. మధ్యాహ్నం మళ్ళీ అదే తొడుగు, అదే పరంజా ముడి, పక్కన అదే కుర్చీ. గీత గీసినట్టున్న ఆ గోడని చూస్తే కొట్టి పారెయ్యాలనిపించింది. వేలు దాని మీదికి తీసుకెళ్ళాను. మొదటి రాయి లాగితే చెరువులో పడింది. రెండోది వీధి వైపుకి జరిగింది. చెమటలు కక్కుతూ దాని పక్క రాయి జరిపాను, దాని పక్కది జరిపాను. గోడకి మళ్ళీ నెల తప్పింది.

"అయ్యో, మళ్ళీ జరిగిపోయిందే" అని మేస్త్రి వేలు ముందుకి చాపాడు. "తిన్నగా చేసెయ్యనా బుజ్జీ?"

ఆ మాట గొంతులోకి తన్నుకొచ్చింది. అది ఎప్పుడూ నన్ను అడిగి వచ్చింది కాదు. కింది పెదవి పళ్ళ మధ్య పెట్టి కసుక్కున కొరికాను. మాట పళ్ళ వెనక కొట్టుకుంటోంది. మాట బయటికి రాకపోయేసరికి తలకి ఎటు ఊగాలో తెలియలేదు, నిలబడిపోయింది.

"ఏంటి? చేసెయ్యనా?"

నోరు మూసుకోవే తల్లీ అని ఈ మనిషి ఎన్నేళ్ళు మొత్తుకున్నాడు! ఒక్కనాడూ మూసుకోలేదు. ఇప్పుడు మూసుకున్నాను. నాలిక మీద ఉప్పగా తగిలింది.

మేస్త్రి వేలు గోడకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. గోడ వైపు చూశాడు. ఒక కన్ను మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"సరే అనవేంటే?" అన్నాడు. బుజ్జీ అనలేదు.

నేను పళ్ళు ఇంకా గట్టిగా బిగించాను.