మనలో మనకి బయానా ఏంటి

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా నేను లేతు మిషను నడుపుతున్న షెడ్డు నాది కాదు, దుర్గాప్రసాద్‌గారిది. నెలనెలా అద్దె కడతాను. అరిగిపోయిన యాక్సిళ్లూ షాఫ్టులూ వస్తాయి, సరిచేసి పంపుతాను. మిషను నాదే గానీ దాని కాళ్లు ఆయన నేలలో కాంక్రీటు పోసి బిగించి ఉన్నాయి. యాభై ఆరేళ్ల వయసులో దాన్ని పెకలించి ఇంకోచోట పెట్టడం నావల్ల అయ్యే పని కాదు. షెడ్డు పోతే మిషను పాత ఇనుము కిందే పోతుంది, దాంతోపాటు నేనూ.

సోమవారం పొద్దున దుర్గాప్రసాద్‌గారు వచ్చి, నేను తుడిచి వేసిన స్టూలు మీద కూర్చుని, షెడ్డు అమ్మేస్తున్నానన్నారు.

“కంగారుపడకు రత్తయ్యా. ముందు నీకే చెబుతున్నా,” అంటూ ధర చెప్పారు. “శుక్రవారం సాయంత్రం దాకా ఇంకెవరికీ ఇవ్వను. ఈలోపు నువ్వు సరే అంటే నీదే.”

సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేతిలో డబ్బు లేకుండా సరే అంటే పెద్దమనిషిని మోసం చేసినట్టే కదా! “ఇంట్లో ఓ మాట అడిగి చెబుతానండీ,” అన్నాను. డబ్బాలోంచి ఐదు వేలు తీసి, శుక్రవారం దాకా ఆగడానికి బయానాగా ఉంచమని చెయ్యి చాపాను.

ఆయన నా చెయ్యి వెనక్కి నెట్టేశారు. “మనలో మనకి బయానా ఏంటయ్యా? నా మాట మీద నమ్మకం లేదా?”

నేను పొంగిపోయాను. ఇంకోసారి బలవంతపెడితే అవమానించినట్టవుతుందని నోట్లు గబుక్కున జేబులో కుక్కుకున్నాను. నాలాంటి వెర్రివెంగళప్పను ఆటోనగరంతా గాలించినా పట్టుకోలేరు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ కనకలక్ష్మి అన్నం వడ్డించడం ఆపేసింది.

“తీసుకోకపోతే బల్ల మీద పెట్టేసి రావాల్సింది. మొహమాటానికి పోతే ఏమైందో ఓ సామెతుంది, నా నోటితో చెప్పించకండి.”

తిట్టింది గానీ, దారి చూపించిందీ తనే. కంకిపాడు దగ్గర పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన డెబ్బై సెంట్లు అమ్మేద్దామంది. గురువారం పొద్దున వాళ్లన్నయ్య ఫోన్ చేసి, పొలం తనే కొంటానన్నాడు. షెడ్డుకి సరిపోతుంది. కనకలక్ష్మి చెంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, “ఇంకెందుకు కూర్చున్నారు? సరే అని చెప్పండి,” అంది.

అప్పుడే ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. అంత పెద్ద విషయం ఫోన్లో చెబితే ఏం బాగుంటుంది? శుక్రవారం మంచి గడియ చూసుకుని, పళ్లు పట్టుకుని, ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను.

పదకొండింటికి షెడ్డు తెరుద్దామని వెళ్లేసరికి టేపు పట్టుకుని ఎవరో మనిషి బయటి గోడలు కొలుస్తున్నాడు.

“కొత్త ఓనరుగారు గోడౌను కడతారంటండి. నిన్ననే మాటైపోయిందంట, రేపు అగ్రిమెంటు,” అన్నాడు. నేను తలుపు తీయగానే నా వెనకే లోపలికొచ్చి, చెప్పుతో నా మిషను పునాదిని తట్టి చూసి, “ఇదెప్పుడు తీస్తారండి?” అని అడిగాడు.

స్కూటర్ ఎలా నడిపానో తెలియదు. గవర్నరుపేటలో లాయరు ఉషశ్రీగారి ఆఫీసుకెళ్లి పడ్డాను. చిన్న వయసే అయినా గట్టి మనిషని పేరు. జరిగిందంతా వాగేశాను.

“శుక్రవారం దాకా ఆగుతానన్న మాటకి బదులుగా ఆయన మీ దగ్గర ఏమైనా తీసుకున్నారా?” అని అడిగింది.

“ఇచ్చానమ్మా. తీసుకోలేదు.”

“ఒక్క రూపాయి తీసుకున్నా చాలు రత్తయ్యగారూ. ఎంత అన్నది చట్టానికి అక్కర్లేదు, మాటకి బదులు ఏదో ఒకటి ఉందా లేదా అనే చూస్తుంది. ఏమీ లేకపోతే అది ఉత్త మాట. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.”

“టీ తాగారమ్మా!” దాదాపు అరిచాను. “నేనే తెప్పించాను. పోయిన ఏడు వాళ్ల బోరు మోటారు షాఫ్టు ఉత్తినే చేసిపెట్టాను. అవి లెక్కలోకి రావా?”

“ఆ టీ ఈ మాట కోసం ఇచ్చింది కాదు కదండీ. మోటారు సంగతి సరే సరి.”

నాకు ఏడుపొచ్చింది. ఆడపిల్ల ముందు ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఆవిడ మాత్రం పెన్ను బల్ల మీద కొడుతూ ఆలోచిస్తోంది. ఉన్నట్టుండి అడిగింది. “అమ్మేశానని దుర్గాప్రసాద్‌గారు మీతో చెప్పారా?”

“లేదు. టేపు పట్టుకొచ్చినవాడు చెప్పాడు.”

“ఆయన గానీ, ఆయన తరఫున ఇంకెవరైనా గానీ?”

“ఎవరూ చెప్పలేదమ్మా.”

ఆవిడ కుర్చీలోంచి లేచింది. “అయితే మీకిచ్చిన మాట ఆయన ఇంకా వెనక్కి తీసుకోనట్టే. ఆ సంగతి ఆయన నుంచే మీకు చేరాలి. ఈలోపు మీరు సరే అనేస్తే ఒప్పందం కుదిరినట్టే. ఇస్తానని ఆయన మాట, కొంటానని మీ మాట. మాటకి మాటే బదులు, ఇంక బయానాతో పనిలేదు. కోర్టులో నిలబడటానికి మనకి కాళ్లుంటాయి. ఫోనివ్వండి, మెసేజ్ పంపిద్దాం.”

నా ఫోన్ తీసుకుని టకటకా రాయడం మొదలుపెట్టింది. ‘అయ్యా, మీరు సోమవారం చెప్పిన ధరకు షెడ్డు కొనడానికి’ అన్నంతవరకూ వచ్చింది. ఫోన్ మోగింది. దుర్గాప్రసాద్‌గారు!

“ఎత్తొద్దు. కట్ చేసి మెసేజ్ పంపిస్తా,” అంది.

“పెద్దాయన ఫోన్ కట్ చేస్తారా!” అంటూ ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. ఇరవై రెండేళ్లలో ఆయన ఫోన్ మూడోసారి మోగనివ్వలేదు నేను.

“సరే, ఎత్తగానే కొంటున్నా అనండి. ఆయన నోరు తెరవకముందే. ఇంకొక్క మాట వద్దు,” అంది.

కొంటున్నా. ఒక్క మాట. కనకలక్ష్మి పొలం, నా మిషను, మిగిలిన నా బతుకు ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. నాకు బాగా తెలుసు. ఊపిరి పీల్చుకుని పచ్చ గుర్తు నొక్కాను. నా చేతిలో ఉండగానే ఆవిడ స్పీకరు నొక్కింది.

“నమస్కారమండీ,” అన్నాను. “భోజనమయిందాండీ?”

ఉషశ్రీగారు రెండు చేతులతో తల పట్టుకుంది.

“ఆఁ, అయిందయ్యా. రత్తయ్యా, ఏమీ అనుకోకు. షెడ్డు వేరేవాళ్లకి ఇచ్చేశాను. మంచి బేరం తగిలింది.”

నేను అరవాలి. తిట్టాలి. శుక్రవారం దాకా అన్నారు కదా అని నిలదీయాలి.

“అయ్యో, దానికేముందిలెండి,” అంది నా నోరు. “పర్వాలేదండీ.”