వస్తున్నాననడానికి వెళ్తున్నాను

కోడలు స్పానిష్ పిల్ల. కాపురానికొచ్చిన ఏడాదికల్లా తెలుగు గలగలా మాట్లాడేసింది. ఆ పిల్ల తల్లి చూడడానికి వస్తోందని తెలియగానే అత్తగారు కుట్టుమిషన్ ముందు కూర్చునే స్పానిష్ మొదలుపెట్టింది. వియ్యపురాలి ఎదుట మూగదానిలా నవ్వుతూ నిలబడడం ఆవిడకు చచ్చినా ఇష్టం లేదు.

కోడలు ముందుగా ‘వెళ్ళడం’ నేర్పింది. ఆ క్రియ పేరు ‘ఇర్’. తీరా వాక్యంలో వెతికితే ఇర్ ఎక్కడా కనబడదు. నేను వెళ్తానంటే వోయ్, నువ్వైతే వాస్, మనమైతే వామోస్. పేరొకటి, మనిషింకొకరు, ఇదెక్కడి చోద్యమని గొణుక్కుంటూనే అత్తగారు వల్లెవేసింది. కొట్టుకు వెళ్తున్నా: ‘వోయ్ ఆ లా తియెందా’. కుట్టబోతున్నా: ‘వోయ్ ఆ కోసేర్’. చేయబోయే పనికి కూడా ఈ వెళ్ళడమే వాడతారట.

పేచీ ఒక్కచోటే వచ్చింది. కోడలు వంటింట్లోంచి పిలిస్తే అత్తగారు ‘వేంగో’ అనేది, వస్తున్నానని. కాదు, పిలిచినవాళ్ళకు ‘వోయ్’ అనే చెప్పాలంది కోడలు.

“రమ్మన్నవాళ్ళకి వెళ్తున్నానంటే బాగుంటుందటే? అలిగి పోతున్నాననుకోరూ?”

“మావాళ్ళు అనుకోరత్తయ్యా. ఉన్నచోటు వదిలి బయల్దేరారుగా, వెళ్తున్నట్టే లెక్క.”

వియ్యపురాలు దిగిన మర్నాడు కొడుకూ కోడలూ డ్యూటీలకు వెళ్ళిపోయారు. కాసేపటికి స్నానాలగది తలుపు దబదబా బాదిన చప్పుడు, ఏడుపు గొంతుతో కేకలు. లోపలి పిడి ఊడి వియ్యపురాలి చేతికొచ్చేసింది. అత్తగారు నాలుక చివరిదాకా వచ్చిన ‘వేంగో’ను మింగేసి, “వోయ్, వోయ్” అంటూ మిషన్ సొరుగులోని స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తింది.

లోపల కేకలు ఠక్కున ఆగాయి.

బయటి పిడి స్క్రూలు విప్పుతూ, ‘అబ్రీర్’ అంటే తెరవడమని ఎప్పుడో విన్నది గుర్తు తెచ్చుకుని, ఎవరూ నేర్పని వాక్యం సొంతంగా కట్టింది.

“వోయ్ ఆ అబ్రీర్.” తెరవబోతున్నా.

లోపల్నుంచి ‘సీ, సీ’ అని వినబడింది. ఛీకొట్టడం కాదని, సరేననడమని తెలుసు కాబట్టి సరిపోయింది.

తలుపు తెరుచుకుంది. తడిజుట్టుతోనే వియ్యపురాలు ఆవిణ్ణి వాటేసుకుని గుక్కతిప్పుకోకుండా ఏమేమో చెప్పింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా అత్తగారికి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. చెప్పులు చూపించి “వామోస్” అంది.

సాయంత్రం పిల్లలు వచ్చేసరికి ఇంటికి తాళం. కంగారుపడి ఫోన్ చేస్తే అత్తగారి గొంతు వెనకాల బజారు రొద. కొత్త పిడి కొనడానికొచ్చామనీ, పనిలో పనిగా వియ్యపురాలి గౌనుకు గుడ్డ చూస్తున్నామనీ చెప్పింది. ఏ భాషలో మాట్లాడుకుంటున్నారని కోడలు ఆశ్చర్యపోయింది.

“అదంతా మేం చూసుకుంటాంలేవే. మీరు తినేయండి, మేం ఇప్పుడప్పుడే రాం.”