యాభై ఎనిమిది కిలోలు

కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయనకి కోపం రావడం కొత్తేమీ కాదు. వీధంతా ఆయన్ని కళ్ళజోళ్ళాయన అంటుంది, ఆ మాట కూడా కాస్త దూరం నుంచే అంటుంది. కానీ ఆ ఉత్తరం చదివినప్పుడు వచ్చిన కోపం వేరు. దాని అడుగున బోలెడంత సంతోషం ఉంది.

ఉత్తరం రాసింది ట్రెడ్‌మిల్ కంపెనీ. ఏడాదిన్నర కిందట ముందుగదిలో సగం ఆక్రమించిన నడక మిషన్ వాళ్ళదే. రెండు పేజీలు ఆయన్ని మునగచెట్టు ఎక్కించి, మూడో పేజీలో అసలు సంగతి విప్పారు. ఆ మోడల్ మిషన్లు ఉన్నట్టుండి వేగం పెంచేసి, మీదున్న మనిషిని వెనక్కి విసిరేస్తున్నాయట. అందుకని అమ్మినవన్నీ వెనక్కి తీసుకుని బాగుచేస్తారట. అందాకా ప్లగ్గు పీకి పక్కన పెట్టాలట.

"చూశావా? ఇన్నాళ్ళూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచాను!" అని భార్య మొహం ముందు ఉత్తరం ఆడించాడు.

ఆవిడ కొత్త కళ్ళజోడు సర్దుకుని, "అవునా" అంది. ఎడమ మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. రెండు వారాల కిందట బాత్‌రూమ్‌లో జారిపడింది. జారిపడిందంటే చూపు తగ్గినట్టేనని ఆయన తేల్చేశాడు. షాపుకి తీసుకెళ్ళి, బోర్డు చదివించి, పవర్ పెంచి కొత్త జోడు పెట్టించాడు. ఎవరి వృత్తి వాళ్ళని ఆడిస్తుంది మరి.

ఇక నిజం చెప్పుకోవాలి. ఆయన నడవలేదు. షుగర్ తగ్గాలంటే రోజూ ముప్పావుగంట నడవమని డాక్టర్ చెబితే, షోరూమ్‌లో అన్నిటికంటే ఖరీదైన మిషన్ కొన్నాడు. వారం నడిచాడు. ఎనిమిదో రోజు నుంచి పొద్దున్నే తలుపేసుకుని, మిషన్ ఆన్ చేసి, పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదివాడు. బెల్టు తన మానాన తను తిరిగేది. వంటింట్లోకి చప్పుడు వినపడితే చాలు. తర్వాత మొహాన కాసిని నీళ్ళు చల్లుకుని, "అబ్బా, చెమట!" అంటూ తువాలుతో బయటికొచ్చేవాడు. షుగర్ తగ్గకపోతే తప్పు మాత్రలదే.

మిషన్ దింపిన రోజునే భార్యకి చెప్పేశాడు. "ఖరీదైన వస్తువు, ఎవరూ ముట్టుకోవద్దు. నీకెందుకిది? ఇంటిపనే నీకు వ్యాయామం."

కాబట్టి ఆ ఉత్తరం ఆయనకి సెలవు చీటీ లాంటిది. నడవక్కర్లేదు, పైగా తిట్టడానికి ఓ కంపెనీ దొరికింది. షాపులో ఒక చేత్తో గిరాకీల కంటికి మూత పెడుతూ, రెండో చేత్తో ఫోన్ పట్టుకునేవాడు.

"మీ ఆవేదన మాకు అర్థమైంది సార్" అనేది కస్టమర్ కేర్ అమ్మాయి.

"ఆవేదన సంగతి సరే, మనిషిని పంపండి!"

"ముందు యాప్‌లో రిక్వెస్ట్ పెట్టాలి సార్."

"మిషన్ ఆన్ చేస్తేగాని యాప్ తీసుకోవట్లేదమ్మా!"

"ఆన్ చెయ్యకండి సార్, ప్రమాదం."

"ఏమండీ, ఈ కన్ను తెరవొచ్చా?" అనేవాడు కుర్చీలోని గిరాకీ.

మూడు వారాలు ఇదే వరస. ఓ రోజు "రోజూ నడిచినవాణ్ణి, నష్టపరిహారం ఇస్తారా, చస్తారా?" అని ఫోన్‌లోనే గద్దించాడు. ఆ అమ్మాయి తాపీగా చెప్పింది. "మిషన్‌లో మెమరీ ఉంటుంది సార్. ఏ పూట ఎంతసేపు తిరిగిందో, మీద ఎంత బరువుందో అన్నీ ఉంటాయి. మా మెకానిక్ వచ్చి ఇంట్లోవాళ్ళ ముందు చదివి, సంతకం తీసుకుంటాడు."

కళ్ళజోళ్ళాయన గిరాకీ కంటి మీద మూత తియ్యడం మర్చిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో ఆయన మాట చెల్లుతున్నది ఒక్క ధీమా మీదే, తను చెప్పింది చేసే మనిషినని. అది కాస్తా ఇప్పుడు గంగలో కలిసేలా ఉంది.

"అంత తొందరేం లేదమ్మా. వచ్చే ఏడాదైనా పర్లేదు."

"అయ్యో, మీది అర్జెంట్‌లో పెట్టేశాను సార్!"

తిట్టినన్నాళ్ళూ కదలని కంపెనీ, వద్దనగానే మర్నాడు మధ్యాహ్నానికల్లా గుమ్మంలో దిగింది.

మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని మూత విప్పి, వైరు తగిలించాడు. "నువ్వెళ్ళి కాఫీ పెట్టు" అని భార్యని లోపలికి పంపబోయాడు కళ్ళజోళ్ళాయన. "ఫ్లాస్కులో ఉంది" అని ఆవిడ అక్కడే నిలబడింది.

"పొద్దున ఆరు నుంచి ఆరూ ముప్పావు దాకా, రోజూ" అని చదివాడు మెకానిక్. "బరువు సున్నా. ఇలా ఖాళీగా తిప్పితే మోటారు పోతుంది సార్."

కళ్ళజోళ్ళాయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు.

"మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర, రోజూ. బరువు యాభై ఎనిమిది కిలోలు." మెకానిక్ తలెత్తి ఆయన పొట్ట వైపు చూశాడు. "ఇది మీరు కాదనుకుంటా."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా, అంతా తప్పుల తడక! ఆ టైముకి నేను షాపులో ఉంటాను. ఇది తప్పయితే ఆ సున్నా కూడా తప్పే!"

"తప్పేం లేదండీ" అంది భార్య.

మెకానిక్ ఇంకా చదువుతూనే ఉన్నాడు. "పోయిన నెల పదకొండో తారీకు, మధ్యాహ్నం రెండూ నలభై. వేగం ఒక్కసారిగా పెరిగింది. ఆ వెంటనే బరువు లేదు."

ఆయన చూపు ఆవిడ మణికట్టు మీదికి పోయింది. "బాత్‌రూమ్‌లో పడ్డానన్నావు కదే?"

"మీరు నడుస్తున్నానన్నారు కదా" అంది. గొంతులో కోపం లేదు, అదే ఆయనకి ఇంకా బాధగా ఉంది. "ఆ గంటసేపు నన్నెవరూ పిలిచేవారు కాదండీ. బాగుండేది. ముట్టుకోవద్దన్నారని చెప్పలేదు. బోర్డు కూడా మీరు నమ్మాలనే తప్పు చదివాను. ఈ జోడు పెట్టుకున్నప్పటి నుంచీ అంతా మసకే."

"దెబ్బ తగిలినవాళ్ళ పేరు రాయాలి. ఎవరిది రాయమంటారు?" అన్నాడు మెకానిక్.

"ఆవిడదే" అన్నాడు ఆయన.

"బాగుచేసి ఎప్పుడిస్తారు బాబూ?" అని అడిగింది ఆవిడ.

"చెప్పలేమమ్మా. యాప్‌లో చూస్తూ ఉండండి."

మిషన్ వెళ్ళిపోయింది. ముందుగదిలో ఆయన కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆవిడ కొత్త జోడు తీసి ఆయన చేతిలో పెట్టింది. సొరుగులోంచి పాతది తెచ్చి పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది.

"అలా వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. మీరూ వస్తారా, కుర్చీ బయట వెయ్యమంటారా?"